అల్మాకెన్ సీటు

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక తాస్‌బొలాత్ నోట ఒకే ఒక్క మాట మిగిలింది. అల్మా. మంచినీళ్ళు కావాలన్నా అల్మాయే, కిటికీ మూయమన్నా అల్మాయే, మాత్ర చేదుగా ఉందన్నా అల్మాయే. మనసులో మాటలన్నీ ఎప్పటిలాగే వరసగా నిలబడి ఉండేవి. నాలుక దగ్గరికి వచ్చేసరికి అన్నీ పక్కకు తప్పుకుని ఆ ఒక్కదాన్నే ముందుకు తోసేవి.

కజఖ్ భాషలో అల్మా అంటే ఆపిల్ పండు. 'తీసుకోకు' అనాలన్నా అదే మాట. అట్టడుగు అంతస్తులో ఉండే రబీగా మొదటి అర్థాన్నే గట్టిగా పట్టుకుంది. తన నేలమాళిగలో చలికాలమంతా గడ్డిలో దాచిన పళ్ళు బకెట్లతో మోసుకొచ్చింది. బాల్కనీ నిండిపోయింది.

"తాసెకే, ఇంకో ముక్క తినండి. రక్తం పడుతుంది" అనేది పక్కన కూర్చుని, ఆయన పేరుని గౌరవంగా కుదించి పిలుస్తూ.

ఆయన తల అడ్డంగా ఊపి, "అల్మా" అనేవాడు.

"అదిగో, ఇంకా కావాలంట" అని ఆమె మరో పండు కోసేది.

కోపం రాలేదు ఆయనకు. మోకాళ్ళ నొప్పులతో రెండంతస్తులు ఎక్కి వస్తోంది మనిషి. తొక్క ఒక్క చోట కూడా తెగకుండా, పొడవాటి రిబ్బనులా తీస్తోంది. అది చూస్తూ ఉంటే కాసేపు తన కుడిచెయ్యి సంగతి మరిచిపోవచ్చు.

పక్షవాతం రాకముందు తాస్‌బొలాత్ ఆ ఆవరణలో కార్లకు పెద్దదిక్కు. రోడ్ల సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చుట్టూ ఉన్న నాలుగంతస్తుల ఇళ్ళలో ఎవరు కారు కొన్నా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. "పక్క అద్దాల మీద నంబరు చెక్కించు. చెక్కిన అద్దం బజారులో ఎవడూ కొనడు" అని చెప్పేవాడు. "సీటు మీద ఖాళీ సంచి కూడా వదలకు. అది ఖాళీదని దొంగకి కిటికీ పగలగొట్టాకే తెలుస్తుంది. చలికాలం బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకో, నీకూ మంచిది దానికీ మంచిది." చివరగా ఇంకోటి చెప్పేవాడు, గొంతు తగ్గించి. "వేడెక్కనిద్దాం కదా అని ఇంజను ఆపకుండా కారు వదిలేసి ఎక్కడికీ పోకు."

గొంతు తగ్గించడానికి కారణం ఉంది. ఆయన మొదటి కారు అలాగే పోయింది. మంచు గడ్డకట్టిన ఒక పొద్దున కొడుకు బెర్దిబెక్ ఇంజను నడుస్తుండగానే దిగి, వేడి రొట్టె కొందామని కొట్లోకి వెళ్ళాడు. రొట్టెతో బయటికి వచ్చేసరికి మంచు మీద కారు మేర పొడి నేల మాత్రం ఉంది. తండ్రి ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత కొన్న పాత జపాన్ కారు తాళంచెవి ఏ రోజూ కొడుకు చేతికి ఇవ్వలేదు. అనకపోవడం, ఇవ్వకపోవడం, రెండూ కలిసి ఇంట్లో ఒక మూల చాలా కాలం చల్లగానే ఉండిపోయాయి.

ఆ రెండో కారుకి, దొంగ తోలలేకుండా, ఆయన ఒక రహస్యపు మీట పెట్టాడు. ఆ ఊళ్ళో చాలామంది పెడతారు, ఎవరికి తోచిన చోట వాళ్ళు. కానీ ఆయన పెట్టిన చోటు ఇంకెవరికీ తోచదు. ఆయన భార్య అల్మాకెన్‌కి సీటు బెల్టంటే గిట్టేది కాదు. "సంతకి తోలుకెళ్ళే గొర్రెని కట్టినట్టు కడతావేంటి నన్ను" అని ప్రతిసారీ తగువు. ఇంజనుకి పెట్రోలు తోసే పంపు తీగను ఆయన తీసుకెళ్ళి ఆమె కూర్చునే సీటు బెల్టు గొళ్ళెంలో కలిపాడు. ఆ బెల్టు పెడితేనే కారు నడుస్తుంది. పెట్టకపోతే గొట్టంలో మిగిలిన పెట్రోలుతో ఆవరణ గేటు దాకా వెళ్ళి, దగ్గి, ఆగిపోతుంది. ఒకసారి ఒక దొంగ అలాగే గేటు దాకా తోలి, తలుపు కూడా వేయకుండా పారిపోయాడు.

"దొంగకీ నాకూ ఒకటే సంకెల వేశావన్నమాట" అంది అల్మాకెన్ సంగతి తెలిసిన రోజున. ఆ రహస్యం వాళ్ళిద్దరిదే. ఆమె పోయాక ఆయన ఒక్కడిదే అయింది. కారెక్కగానే పక్కకు వంగి ఖాళీ సీటుకు బెల్టు పెట్టేవాడు. ఆవరణలోని ఆడవాళ్ళు చూసి కళ్ళొత్తుకునేవారు, పాపం ఇంకా భార్యను పక్కనే కూర్చోబెట్టుకుంటున్నాడని. ఆయన సరిదిద్దలేదు. వాళ్ళనుకున్నదాంట్లో సగం నిజమే కదా.

ఏప్రిల్‌లో, శుక్రవారం సాయంత్రం ఫోను వచ్చింది. కొండవాలు మీద, మాటా నడకా మళ్ళీ నేర్పించే ఆసుపత్రి ఒకటుంది. అక్కడ ఒక ఖాళీ వచ్చిందట. సోమవారం నుంచి రోజూ పొద్దున్నే తీసుకురావాలి. రాకపోతే వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. మొదటి నెలల్లో రాని మాట తర్వాత రావడం కష్టమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

ఫోను పట్టుకున్నది కోడలు ఉల్బోసిన్. కర్టెన్ల కొట్లో కుట్టుపని చేస్తుంది. భర్త బెర్దిబెక్ దూరాన స్టెప్పీ మైదానాల్లో రైలు పట్టాల మరమ్మతు పనిలో ఉంటాడు, షిఫ్టు పూర్తయితే గానీ రాడు.

"అతా, సోమవారం మిమ్మల్ని నేనే తీసుకెళ్తా" అంది మామగారితో. "బస్సులో మీరు నిలబడలేరు. రోజూ టాక్సీ మన వల్ల కాదు. కారుంది, నాకు లైసెన్సుంది. పెళ్ళికి ముందు మా నాన్న పాలబండి కొండదారిలో నేనే తోలేదాన్ని."

తాస్‌బొలాత్‌కి భయం పట్టుకుంది. కోడలు తోలుతుందని కాదు. కారు నడవదని. "అల్మా" అన్నాడు గాభరాగా. "అల్మా, అల్మా."

ఉల్బోసిన్ చెయ్యి ఎప్పటిలాగే తలమీది రుమాలు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఆ పిల్ల అలాగే రుమాలు సర్దుకుని తల కొంచెం వంచేది. అదేమిటో ఆయనకు అంతుబట్టలేదు.

మర్నాడు పై అంతస్తు గెన్నాదీ దిగివచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. కళ్ళలో శుక్లాలు వచ్చి డ్రైవింగ్ మానేశాడు గానీ నాలుక మాత్రం మానలేదు. ఇంట్లో గుమ్మం పక్కన ఉన్న బ్యాటరీని భుజానికెత్తుకుని కిందికి మోశాడు. స్టీరింగుకు వేసిన ఇనప కడ్డీ తీశాడు. ఉల్బోసిన్ తాళం తిప్పింది. తాస్‌బొలాత్ కిటికీ దగ్గర కుర్చీలోంచి చూస్తున్నాడు. కారు కదిలింది, ముచ్చటగా మలుపు తిరిగింది, గేటు దగ్గర దగ్గి ఆగిపోయింది. వెనక్కి తోసుకొచ్చారు. మళ్ళీ గేటు. మళ్ళీ దగ్గు. గెన్నాదీ సీట్ల కింద దూరాడు. కాసేపు అతని కాళ్ళు మాత్రమే కనిపించాయి.

పైకి వచ్చి, నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, తాస్‌బొలాత్‌కి తను పెట్టిన ముద్దుపేరుతో పిలిచి అన్నాడు. "ఏరా తోలిక్, నీ కారుని దొంగ ఎత్తుకెళ్ళలేడు, పెళ్ళాంబిడ్డలూ ఎక్కలేరు. దాన్ని మ్యూజియంలో పెట్టుకో. ఎక్కడ పెట్టావురా ఆ మీట? చూపు మాత్రం చూపించు."

తాస్‌బొలాత్ పనిచేసే ఎడమచేతిని ఎడమ భుజం మీద పెట్టుకుని, ఛాతీ మీదుగా కుడి నడుము దాకా లాగాడు. మళ్ళీ లాగాడు. "అల్మా."

"అయ్యో, గుండె" అంది రబీగా, పళ్ళెం కింద పెట్టేసి. "గుండె పట్టేసింది. ఎలా చూపిస్తున్నారో చూడండి."

ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు, ఇంకా గట్టిగా లాగి చూపించాడు. ఎంత గట్టిగా చూపిస్తే నొప్పి అంత గట్టిగా ఉందనుకున్నారు. అంబులెన్సు వచ్చింది. అలసిపోయిన కుర్ర డాక్టరమ్మ ఛాతీకి తీగలు అంటించి, కాగితం చూసి, "గుండె భేషుగ్గా ఉంది తాతగారూ, నాకంటే మీదే నయం" అని ఆయన భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ తట్టడం కూడా బాగుంది. కానీ ఆ తర్వాత ఆయన ఎడమచెయ్యి ఎత్తితే చాలు, రబీగా దాన్ని పట్టుకుని మెల్లగా దుప్పటి కింద పెట్టేది.

గెన్నాదీ బజారులోని కార్ల ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశాడు. తీగలన్నీ విప్పి చూడాలి, వచ్చే వారం గానీ కుదరదన్నాడతను.

సాయంత్రం బెర్దిబెక్ ఫోను చేశాడు. ఉల్బోసిన్ ఫోనుని మామగారి దిండు మీద పెట్టింది. అవతల గాలి హోరు.

"ఆకే, నేను. వినపడుతోందా? ఆ మీట ఎక్కడుందో ఒక్కటి చెప్పు చాలు. నేను అడుగుతా, నువ్వు అవును కాదు అను. డాష్‌బోర్డు కిందా?"

"అల్మా."

"బానెట్ లోపలా?"

"అల్మా" అన్నాడు తాస్‌బొలాత్, నుదుటి మీద చెమట పడుతుండగా. "అల్మా, అల్మా."



"తీసుకోవద్దంటున్నావా?" అన్నాడు బెర్దిబెక్. "సరే ఆకే. నువ్వన్నదీ నిజమే. నాకిచ్చిన కారు ఏమైందో నాకు గుర్తులేదా. వద్దులే."

కాదని అరవాలనిపించింది తాస్‌బొలాత్‌కి. అరిస్తే వచ్చేది అదే మాట. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాడు. ఫోను దానంతటదే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ అననిది ఇవాళ అన్నట్టయింది, అదీ తను అనకుండానే.

ఆదివారం మధ్యాహ్నం ఉల్బోసిన్ పాలు పోసిన టీ తెచ్చింది. కప్పు సగమే నింపింది. ఆత్మీయులకి అలాగే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోసే వీలుండాలని. మంచం పక్కన కూర్చుని, రుమాలు సర్దుకుంది. తర్వాత నేలను చూస్తూ మొదలుపెట్టింది.

"అతా, ఒకటడుగుతా, తప్పుగా అనుకోకండి. రబీగా అపా మీరు పళ్ళడుగుతున్నారంటోంది. మీ అబ్బాయేమో తీసుకోవద్దంటున్నారనుకున్నాడు, రాత్రంతా నిద్రపోలేదంట. నాకు మొదటి రోజు నుంచీ వేరేలా వినపడుతోంది. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా."

ఆయన కప్పు మీంచి ఆమె వైపు చూశాడు.

"ఆ పళ్ళు కావాలంటే మనింట్లో ఎర్రబుగ్గలంటాం కదా. మీరనే ఆ మాట పళ్ళకి వాడగా నేను ఈ ఇంటికొచ్చాక వినలేదు, నేనూ అనలేదు. మీరన్నప్పుడల్లా నాకు..." ఆగింది. "మీరు మా అపాని, అత్తగారిని పిలుస్తున్నట్టే ఉంటుంది."

తాస్‌బొలాత్ కప్పు పక్కన పెట్టేశాడు.

కోడలు అత్తమామల పేర్లు నోటితో పలకకూడదు. పాతకాలపు కట్టుబాటు. ఆ పేరులో ఇమిడిన మాటలు కూడా పలకకూడదు, వాటికి బదులు వేరే మాట పెట్టుకోవాలి. పట్నంలో ఇప్పుడు ఎవరూ పాటించరు. ఉల్బోసిన్‌ని పెంచిన అమ్మమ్మ పాటించింది, అందుకని ఉల్బోసిన్ కూడా పాటించింది. అల్మాకెన్ పేరులో అల్మా ఉంది కాబట్టి ఆపిల్ పళ్ళు ఎర్రబుగ్గలయ్యాయి. ఉంటున్న ఊరు అల్మాతీ. ఆ పేరూ పలకదు. బస్సు టికెట్టు కొనేటప్పుడు 'పెద్దూరికి ఒకటివ్వండి' అని అడిగితే కౌంటరులో మనిషి, ఏ పెద్దూరమ్మా అని మూడుసార్లు విసుక్కుందట. అల్మాకెన్ పడిపడి నవ్వింది ఆ రోజు. "నా పేరు పలికితే నేనేం అరిగిపోతానా పిల్లా" అనేది. ఉల్బోసిన్ నవ్వేది గానీ పలికేది కాదు.

ఆ ఇంట్లో ఒక్క మనిషి చెవికి మాత్రం ఆ మాట పండు కాదు, 'తీసుకోకు' కాదు. ఒక మనిషి. ఆ చెయ్యి రుమాలు దగ్గరికి ఎందుకు వెళ్ళేదో ఆయనకిప్పుడు అర్థమైంది. పెద్దావిడ పేరు విన్నప్పుడు తల వంచుతోంది, రోజూ, అడగకుండా, చెప్పకుండా.

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. అవునని. మళ్ళీ ఊపాడు.

"అపా గురించేనా?"

ఊపాడు.

"మరి ఇది?" ఆమె తన భుజం మీంచి నడుము దాకా చెయ్యి లాగి చూపించింది. "ఇది నొప్పి కాదు కదా?"

కాదు. తల అడ్డంగా.

ఉల్బోసిన్ మరోసారి చెయ్యి లాగింది, మెల్లగా. ఆమె ఎప్పుడూ కారు వెనక సీటులోనే కూర్చునేది. ముందు అత్తగారు, స్టీరింగు దగ్గర మామగారు. వెనక నుంచి కనిపించేది అత్తగారి తలరుమాలు, వినిపించేది తగువు. చెయ్యి నడుము దగ్గర ఆగిపోయింది.

"సంతకి తోలుకెళ్ళే గొర్రె" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

తాస్‌బొలాత్ నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. నవ్వుకి, ఏడుపుకి మధ్య ఏదో.

ఆమె ఇంట్లో తిరిగే చెప్పులతోనే మెట్లు దిగింది. పై అంతస్తు వైపు గెన్నాదీని కేకేసి దిగినట్టుంది, బనీను మీద ఉన్నవాడు ఉన్నట్టే ఆమె వెనక కింద కనిపించాడు. తాస్‌బొలాత్ ఎడమచేత్తో మంచం పట్టుకుని లేచి, గోడ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా కిటికీ దాకా వెళ్ళాడు. వెళ్ళాక గానీ తను నడిచిన సంగతి గమనించలేదు.

కింద ఉల్బోసిన్ కారు లోపలికి వంగి పక్క సీటుకు బెల్టు పెట్టింది. గెన్నాదీ ఏదో అన్నాడు, చేతులు తిప్పుతూ. ఆమె వినలేదు. ఇంజను మోగింది. గేటు వచ్చింది. దగ్గు రాలేదు. కారు గేటు దాటి పాప్లర్ చెట్ల వెనక్కి వెళ్ళి మాయమైంది. గెన్నాదీ నోరు తెరుచుకుని వీధి మధ్యలో నిలబడిపోయాడు. కాసేపటికి కారు అవతలి మూల నుంచి తిరిగివచ్చి, కాలువ పక్కన, వాలులో దొర్లిపోకుండా చక్రం కాలువ వైపుకి తిప్పుకుని ఆగింది. నేర్పకుండానే అలా ఆపింది ఆ పిల్ల.

"మూడు కిలోమీటర్లు" అంటూ వచ్చాడు గెన్నాదీ పైకి, తనే తోలినంత గర్వంగా. "బెల్టులో పెట్టావురా దొంగవెధవా. నేను నీ ఖాళీ సీటు చూసి ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో తెలుసా? ఆ కన్నీళ్ళు నాకు తిరిగిచ్చెయ్."

ఉల్బోసిన్ భర్తకి ఫోను కలిపింది. "మీ ఆకే మిమ్మల్ని తీసుకోవద్దనలేదండీ. ఎప్పుడూ అనలేదు. అపా సీటు అంటున్నారు. మీట అక్కడుంది, బెల్టులో. ఇప్పుడే తోలి వచ్చా."

 అవతలి నుంచి బెర్దిబెక్ గొంతు. "అమ్మ సీటా?"

"అవును."

"ఆకే, వింటున్నావా? నేను షిఫ్టు దిగి వచ్చాక ఒకరోజు నేను తోలనా? నువ్వు అమ్మ సీటులో కూర్చుంటావా?"

"అల్మా" అన్నాడు తాస్‌బొలాత్.

ఎవరూ అర్థం అడగలేదు. బెర్దిబెక్ నవ్వాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో విని చాలా కాలమైంది. రబీగా మాత్రం అలవాటు కొద్దీ కత్తి అందుకుని, అందరూ తనవైపు చూడగానే కింద పెట్టేసింది.

సోమవారం పొద్దున గెన్నాదీ, ఉల్బోసిన్ ఆయన్ని రెండువైపులా పట్టుకుని మెట్లు దింపారు. కారు దగ్గర ఒక చిక్కు వచ్చింది. మామగారి పక్కన కోడలు ముందు సీటులో కూర్చోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఉల్బోసిన్ తలుపు పట్టుకుని తటపటాయించింది. ఆయనే తేల్చాడు. ఎడమచేత్తో ముందు తలుపు లాగి, వంగి, కూలబడి కూర్చున్నాడు. బెల్టు లాగాడు. ఒంటిచేత్తో గొళ్ళెం అందలేదు. ఆమె వంగి పెట్టింది.

దారి పైకి, కొండల వైపు. ఆప్రికాట్ చెట్లు పూసి ఉన్నాయి. మంచు కొండల మీదికి జరిగిపోయింది. ఉల్బోసిన్ రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, వెనకవాళ్ళు హారన్ కొడుతున్నా తన వేగంతోనే వెళుతోంది. మామగారితో మాట్లాడాలా వద్దా అన్నది తేలక, దారిలో వచ్చిన ప్రతి వీధి పేరూ పైకి చదువుతోంది. ఈ రోడ్ల మీద ముప్ఫై ఏళ్ళు కొలతగొలుసు పట్టుకుని తిరిగిన మనిషి ఆయన. ప్రతి వంపూ కాళ్ళకి తెలుసు. చేతిలో ఏమీ లేకుండా, ఎవరో తీసుకెళుతుంటే ఈ దారిన వెళ్ళడం ఇదే మొదటిసారి. బాగానే ఉంది.

పార్కు దాటాక రోడ్డు రెండుగా చీలింది. బోర్డు మీద చెట్టుకొమ్మ వాలి ఉంది. ఉల్బోసిన్ వేగం తగ్గించింది. వెనక హారన్లు.

"అతా, ఎటు? ఎటు తిప్పాలి?"

ఆయన చెయ్యి కుడివైపుకి లేచింది. నోరు తెరిచాడు.

"ఎడమ" అన్నాడు.

ఉల్బోసిన్ ఆ చెయ్యిని చూసి కుడికి తిప్పేసింది. ఒక వంద గజాలు వెళ్ళాక ఆమె కాలు బ్రేకు మీద పడింది. కారు రోడ్డు పక్కన ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అతా, మీరేమన్నారు?"

ఆయన తనూ నమ్మనట్టు పెదాలు తడుముకున్నాడు. మాట తప్పు. చెయ్యి ఒప్పు. కానీ అది వేరే మాట. రెండో మాట.

"ఎడమ" అన్నాడు మళ్ళీ, కుడివైపు చూపిస్తూ, జాగ్రత్తగా, పగిలిపోయే వస్తువుని పట్టుకున్నట్టు.

ఉల్బోసిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. రుమాలు జారిపోయింది, సర్దుకోలేదు. "అలాగే అతా, ఇవాళ్టికి అదే ఎడమ" అంది కళ్ళు తుడుచుకుంటూ, గేరు వేసింది.

ఆసుపత్రి తెల్లటి గోడ చెట్ల మధ్య కనిపించింది. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీతో ఒక నర్సు నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, వచ్చే కార్ల వైపే చూస్తోంది. అల్మాకెన్ సీటులో కూర్చున్న తాస్‌బొలాత్ తను వచ్చానని తెలియజేయడానికి ఎడమచేతిని కిటికీ బయటికి చాచి ఎత్తి పట్టుకున్నాడు.